స్కాట్లండ్ పల్లె వృత్తిదారుల ఇళ్లు: జనాభా లెక్కల పుస్తకాలు చెప్పేవి, చెప్పనివి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో కుటుంబ చరిత్రల సేకరణ గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఇలాంటి విషయాల మీద శ్రద్ధగా రాసేవారు తక్కువ కనుక ముందుగా ఆ ప్రయత్నాన్ని అభినందిస్తున్నాను. అయితే విక్టోరియా రాణి కాలం నాటి స్కాట్లండ్ జనాభా లెక్కల పుస్తకాలను ఉదాహరణగా చూపుతూ వ్యాసకర్త చెప్పిన రెండు మాటలతో ఏకీభవించలేకపోతున్నాను. ఒకే మనిషి వయసు ఒక్కో లెక్కలో ఒక్కో విధంగా ఉంది కాబట్టి ఆ పుస్తకాలు నమ్మదగినవి కావన్నది మొదటి మాట. పల్లెల్లోని కమ్మరి, వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు, నేతగాడు వంటి వృత్తిదారుల ఇళ్లలో మగవాడు ఒక్కడే పనిచేసేవాడని, ఆడవాళ్ల పేర్ల ఎదురుగా ఏ వృత్తీ రాసి లేకపోవడమే అందుకు రుజువని అన్నది రెండో మాట. నమ్మవలసిన చోట ఆయన ఆ పుస్తకాలను శంకించారు, శంకించవలసిన చోట నమ్మేశారు. నేను చేనేత కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఉద్యోగరీత్యా స్కాట్లండ్‌లోని డండీలో స్థిరపడి, ఆ చుట్టుపక్కల పల్లెల లెక్కల పుస్తకాలు చదవడం అలవాటు చేసుకున్నవాణ్ణి. అందువల్ల ఈ విషయం కొంత వివరంగా రాయడానికి మీ అనుమతి కోరుతున్నాను.

స్కాట్లండ్‌లో పదేళ్లకోసారి జనాభా లెక్కలు 1801లోనే మొదలైనా, మనుషుల పేర్లతో దేశమంతటా ఒకే పద్ధతిలో రాసిన లెక్కలు 1841 జూన్ 6 ఆదివారం రాత్రి తీసినవే మొదటివి. ఆ తర్వాత 1851 మార్చి 30న, 1861 ఏప్రిల్ 7న, 1871 ఏప్రిల్ 2న, 1881 ఏప్రిల్ 3న, 1891 ఏప్రిల్ 5న, అన్నీ ఆదివారం రాత్రులే, ఆ రాత్రి ఏ ఇంట్లో ఎవరు ఉన్నారో రాసుకున్నారు. ముందుగా ఇంటింటికీ ఒక ఫారం ఇచ్చేవారు. సోమవారం ఎన్యూమరేటర్, అంటే లెక్కలు రాసుకునే మనిషి, వచ్చి దాన్ని తీసుకుని, ఇంట్లో రాయగలిగినవారు లేకపోతే తానే అడిగి నింపి, ఆ తర్వాత అన్ని ఇళ్ల వివరాలనూ ఒక పుస్తకంలోకి ఎక్కించేవాడు. చాలా పల్లెల్లో ఈ పని చేసింది ఊరి బడిపంతులే. ఇంటివాళ్లు నింపిన ఫారాలు ఇప్పుడు లేవు, పంతులు ఎక్కించిన పుస్తకాలే మిగిలాయి. ఎడిన్‌బరోలోని నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్ వాటిని భద్రపరిచింది. ‘స్కాట్లండ్స్ పీపుల్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రుసుము కట్టి ఎవరైనా వాటి ఛాయాచిత్రాలు చూడవచ్చు. అంటే మన కళ్లముందున్నది ఇంటి యజమాని చేతిరాత కాదు, ఊళ్లో చదువుకున్న మరో మనిషి తీసిన నకలు అన్నమాట. ఈ సంగతి మొదట గుర్తుంచుకోవాలి.

ఇక వయసుల విషయం. వ్యాసంలో ఇచ్చిన ఉదాహరణలో ఒక కమ్మరి వయసు 1841లో 35, 1851లో 49. పదేళ్లలో పద్నాలుగేళ్లు పెరగడం ఎలా సాధ్యమని వ్యాసకర్త ప్రశ్న. 1841లో ఎన్యూమరేటర్లకు ఇచ్చిన సూచనల ప్రకారం 15 ఏళ్ల లోపు పిల్లల వయసును ఉన్నదున్నట్లు రాయాలి, అంతకు పైబడినవారి వయసును దిగువనున్న 5 గుణిజానికి తగ్గించి రాయాలి. ఆ లెక్కన 39 ఏళ్ల మనిషి 35 అవుతాడు, 64 ఏళ్ల మనిషి 60 అవుతాడు. కొందరు ఎన్యూమరేటర్లు ఈ సూచనను పాటించకుండా అసలు వయసే రాశారు కనుక ఒకే ఊరి పుస్తకంలో రెండు పద్ధతులూ కనిపించవచ్చు. 1851 నుంచి అందరికీ పూర్తి వయసు రాశారు. కాబట్టి 35 తర్వాత 49 రావడంలో అబద్ధం లేదు. పైగా 1841 జూన్ 6 నుంచి 1851 మార్చి 30 దాకా పూర్తిగా పదేళ్లు గడవలేదు. ఏప్రిల్‌లోనో మే నెలలోనో పుట్టిన పిల్లవాడికి ఆ రెండు లెక్కల మధ్య తొమ్మిదేళ్లే పెరగడం సహజం.

వయసులు కలవకపోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని మన పాఠకులు తేలికగా అర్థం చేసుకుంటారు. స్కాట్లండ్ పల్లెల్లో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం చాలాకాలం ఆనవాయితీగా నడిచింది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనకూ ఉన్నదే. దానివల్ల ఒక పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో, ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు నలుగురైదుగురు దొరకడం, వాళ్లలో ఇద్దరు ఒకే వృత్తిలో ఉండడం కూడా జరుగుతుంది. ఇంతకన్నా మనసును కలిచివేసేది మరొకటి. బిడ్డ చనిపోతే ఆ పేరును తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టేవారు. 1851లో మూడేళ్ల జీన్ ఉన్న వడ్రంగి ఇంట్లో 1861లో ఎనిమిదేళ్ల జీన్ కనిపిస్తే పంతులు లెక్క తప్పాడని అనుకోకూడదు. ఆ ఇద్దరూ వేర్వేరు పిల్లలై ఉండవచ్చు. మొదటి పాప ఏమైందో ఆ పుస్తకం చెప్పదు.

1841 పుస్తకంలో అసలు లోపం వయసు కాదు, బంధుత్వం రాయకపోవడం. కమ్మరి ఇంట్లో అతని కన్నా ఇరవై అయిదేళ్లు పెద్దదైన స్త్రీ ఉంటే ఆమె తల్లి కావచ్చు, అత్తగారు కావచ్చు, అద్దెకు ఉన్న మనిషీ కావచ్చు. ఇంచుమించు అతని వయసున్న స్త్రీ అయితే భార్య అని ఊహించుకుంటాం కానీ, పెళ్లికాని అక్కో చెల్లెలో ఇల్లు నడిపిన సందర్భాలు తక్కువేమీ కావు. పుట్టిన ఊరి గురించి కూడా 1841లో అదే కౌంటీలో (మన జిల్లా లాంటిది) పుట్టారా లేదా, స్కాట్లండ్ బయట అయితే ఇంగ్లండా, ఐర్లండా, విదేశమా అన్నంత వరకే అడిగారు. 1851 నుంచి ఇంటి యజమానితో బంధుత్వం, పెళ్లి అయిందీ లేనిదీ, పుట్టిన పారిష్ పేరు వచ్చి చేరాయి. అందుకే వృత్తిదారుల కుటుంబాల గురించి తెలుసుకోవాలనుకునేవారు 1851 పేజీతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లడం మేలు.

1861 నాటి పేజీని కొంచెం దగ్గరగా చూద్దాం. ఆ ఏడాదే స్కాట్లండ్ లెక్కల బాధ్యత లండన్ నుంచి ఎడిన్‌బరోలోని రిజిస్ట్రార్ జనరల్ (జనన మరణాల నమోదు శాఖ అధిపతి) చేతికి వచ్చింది. పేజీకి ఎడమ చివర ఫారం వరుస సంఖ్య, ఆ పక్కన వీధి లేదా ఇంటి పేరు. పల్లె కమ్మరి అయితే ఇక్కడ ‘స్మిడీ’ అని, అంటే కొలిమి ఉన్న చోటే ఇంటి చిరునామాగా, కనిపించడం మామూలే. తర్వాత పేరు, ఇంటి పెద్దతో బంధుత్వం, పెళ్లి వివరం, మగవారి వయసుకు ఒక గడి, ఆడవారి వయసుకు ఒక గడి, వృత్తి, పుట్టిన చోటు, చూపు లేనివారైతే లేదా మాట, వినికిడి లేనివారైతే ఆ వివరం. ఆ తర్వాత స్కాట్లండ్‌లో కొత్తగా చేర్చిన రెండు గడులు: 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో బడికి వెళ్లేవారు ఎందరు, ఇంట్లో కిటికీ ఉన్న గదులు ఎన్ని. ఒక ఇంటి వివరం ముగిసిన చోట చిన్న ఏటవాలు గీతలు. వయసుల మీద అక్కడక్కడా అడ్డంగా టిక్కులు ఉంటాయి. అవి ఊళ్లో ఎవరో దిద్దినవి కావు, మొత్తాలు తేల్చేటప్పుడు గుమాస్తాలు పెట్టిన గుర్తులు. వాటి కింద 3 అంకె 8లా, 1 అంకె 4లా కనిపించి చాలామందిని తికమక పెట్టింది.

వృత్తి గడి పల్లె పనివాడి హోదాను చాలా సూక్ష్మంగా చెబుతుంది. కమ్మరి అని ఒక్కమాట రాసి ఉండవచ్చు. సొంత కొలిమి ఉన్నవాడైతే ‘మాస్టర్’ అని, అతని దగ్గర ఎందరు పనిచేస్తున్నారో కూడా రాయమని 1851 నుంచే అడిగారు. పని నేర్చుకుని కూలికి కుదిరినవాడు ‘జర్నీమన్’, ఇంకా నేర్చుకుంటున్నవాడు ‘అప్రెంటిస్’. ఈ కుర్రాళ్లు చాలాసార్లు గురువు ఇంట్లోనే తిని పడుకునేవారు కనుక అదే ఇంటి వరుసలో, సొంత పిల్లల తర్వాత వాళ్ల పేర్లు వస్తాయి. పక్క పారిష్‌లో పుట్టిన పదహారేళ్ల కుర్రాడు సమ్మెట పట్టుకోవడానికి ఎంత దూరం వచ్చాడో పుట్టిన ఊరి గడి చూస్తే తెలుస్తుంది. కమ్మరి పేరు పక్కనే ఇన్ని ఎకరాలు సాగుచేస్తున్నాడని రాసి ఉండే పేజీలూ ఉన్నాయి. వట్టి కొలిమితో బతికినవాళ్ల కన్నా, కొలిమికి తోడు నాలుగైదు ఎకరాల కౌలు భూమి, ఒక ఆవు, కొంచెం బంగాళాదుంప పంట ఉన్నవాళ్లే ఆ పల్లెల్లో నిలదొక్కుకున్నారు.

కిటికీల గడి మీద ఇంకొంచెం ఆగాలి. 1861 లెక్క ప్రకారం స్కాట్లండ్‌లో సుమారు మూడో వంతు ఇళ్లు ఒకే గదివి, మరో మూడో వంతుకు పైగా రెండు గదులవి. పల్లె వృత్తిదారుడి ఇంటి వరుసలో తొమ్మిది పేర్లు రాసి, చివరి గడిలో 2 అని ఉంటే ఆ రెండు గదుల్లో ఒకటి వంటకూ పగటి కాపురానికీ, రెండోది మంచి గదిగానూ వాడేవారు. ‘బట్ అండ్ బెన్’ అని పిలిచే ఇళ్లు ఇవే. రెండు గదుల మధ్య చెక్క తలుపులు బిగించిన పెట్టె మంచాలు ఉండేవి. వాటికి కిటికీ ఉండదు కనుక అవి లెక్కలోకి రావు. తొమ్మిది మంది ఎలా పడుకున్నారన్న ప్రశ్నకు జవాబు ఆ పెట్టె మంచాల్లో, అటక మీద, కొలిమి పైన ఉన్న చిన్న కొట్టులో దొరుకుతుంది. గడిలోని అంకె ఒక్కటే చూస్తే దొరకదు. అయినా కిటికీ ఉన్న గదుల సంఖ్యను ప్రతి ఇంటికీ విడిగా రాయించిన ఆ ఆలోచనను నేను ఎంతో గౌరవిస్తాను. పనివాడి ఇల్లు ఎంత ఇరుకో సర్కారు అడిగి తెలుసుకుని, ఆ జవాబును నాశనం కాకుండా ఉంచింది.

పేజీకీ జీవితానికీ ఉన్న దూరం తెలియాలంటే అందరికీ తెలిసిన ఒక కుటుంబాన్ని తీసుకోవడం మంచిది. డండీకి ఉత్తరాన, అప్పట్లో ఫోర్ఫర్‌షైర్ అని పిలిచిన ఏంగస్‌లో, కిర్రీమ్యూర్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టూ పొలాలు, ఊరి నిండా లినెన్, అంటే అవిసె నార బట్ట, నేసే చేతిమగ్గాలు. అక్కడ డేవిడ్ బ్యారీ అనే నేతగాడికి, మార్గరెట్ ఓగిల్వీకి పదిమంది పిల్లలు. తొమ్మిదోవాడు 1860 మే 9న పుట్టిన జేమ్స్. తర్వాతి కాలంలో నాటక రచయితగా ప్రపంచమంతటా పేరు పొందిన జె.ఎం. బ్యారీ ఇతనే. కింద మగ్గం, పైన కాపురం ఉన్న ఆ ఇంటిని నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ ఇప్పటికీ కాపాడుతోంది.

పదిమంది పిల్లల తల్లి కదా, 1861 ఏప్రిల్ 7 రాత్రి ఆమె పేరు కింద పది పేర్లు ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. లెక్క వేసి చూడండి. ఇద్దరు పిల్లలు జేమ్స్ పుట్టకముందే చనిపోయారు, వాళ్లకు ఆ పేజీలో చోటు లేదు. చివరి పాప ఇంకా పుట్టలేదు. ఇక మిగిలింది గరిష్ఠంగా ఏడుగురు, అందులో పదకొండు నెలలు నిండబోతున్న జేమ్స్ ఒకడు, ఎనిమిదేళ్ల డేవిడ్ ఒకడు. పెద్దవాళ్లలో ఎవరైనా ఆ రాత్రి ఊళ్లో లేకపోతే ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది. ఆ డేవిడ్ 1867 జనవరిలో, పద్నాలుగో పుట్టినరోజుకు ఒక రోజు ముందు, మంచు మీద స్కేటింగ్ చేస్తుండగా జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖం నుంచి తల్లి జీవితాంతం తేరుకోలేదు. జనాభా లెక్కల వరకు చూస్తే, 1861లో ఉన్న ఒక పేరు 1871లో ఉండదు, అంతే. ఎందుకు లేదన్నదానికి గడి లేదు. పెద్ద పేరున్న కుటుంబం కనుక ఆ ఖాళీలో ఏముందో మనకు తెలిసింది. కిర్రీమ్యూర్‌లోనే పక్క వీధి నేతగాడి ఇంట్లో అలాంటి ఖాళీ ఉంటే, దాన్ని చదవాలన్న ఆలోచన చదివేవాడికే రావాలి.

ఆ తల్లి పేరు గురించి కూడా ఒక మాట. స్కాట్లండ్‌లో పెళ్లయిన స్త్రీ పుట్టింటి పేరు చట్టపరంగా చెల్లుతూనే ఉండేది. సమాధి రాళ్ల మీద, మరణాల రిజిస్టర్‌లో ఆ పేరు కూడా వస్తుంది. ఆమెను లోకం మార్గరెట్ ఓగిల్వీ అనే గుర్తుపెట్టుకుంది. లెక్కల పుస్తకాల్లో మాత్రం సాధారణంగా భర్త ఇంటిపేరే రాశారు. ఈ తేడా తెలియక ఒకే స్త్రీని ఇద్దరిగా లెక్కపెట్టినవాళ్లను, ఉన్న మనిషి దొరకలేదని వెతుకులాట మానేసినవాళ్లను చూశాను.

ఇప్పుడు వ్యాసకర్త రెండో మాటకు వస్తాను. నన్ను ఈ ఉత్తరం రాయించింది ఇదే. నేతగాడి భార్య పేరు ఎదురుగా వృత్తి గడి ఖాళీగా ఉండవచ్చు, లేదా ‘నేతగాడి భార్య’ అని మాత్రమే ఉండవచ్చు. చీరాలలో, మంగళగిరిలో, పోచంపల్లిలో మగ్గం ఉన్న ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి, కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టేదెవరని. మగ్గం మీద కూర్చున్నవాడి చేతికి నాడెలో పెట్టుకోవడానికి కండె అందకపోతే పేక ముందుకు కదలదు. ఏంగస్ లినెన్ నేతలోనూ అంతే. పిర్న్ అని పిలిచే ఆ కండెలను చుట్టింది భార్యలు, ముసలి తల్లులు, ఏడెనిమిదేళ్ల పిల్లలు. ఒక మగ్గం రోజంతా ఆడాలంటే మరొకరు రాట్నం ముందు కూర్చోవాల్సిందే. నేతగాడికి వచ్చే కూలిలో ఆ రాట్నం వాటా కలిసే ఉంది. డబ్బు అతని చేతికి వచ్చింది, వృత్తి గడిలోకి అతని పేరే ఎక్కింది. ఆమె పని చేయలేదని ఆ గడి చెప్పడం లేదు. ఆమె పనిని విడిగా లెక్కపెట్టలేదని మాత్రమే చెబుతోంది.

కమ్మరి ఇంట్లో ఇది మరో రూపంలో ఉంటుంది. తిత్తి ఊదడం, సమ్మెట కొట్టడం మగవాళ్ల పని అనుకున్నా, ఆ ఇంట్లో తిని పడుకునే ఇద్దరు జర్నీమన్లకు, ఒక అప్రెంటిస్‌కు మూడు పూటలా ఓట్స్ జావ, రొట్టె పెట్టి, వాళ్ల బట్టలు ఉతికి, ఆవు పాలు పిండి, వెన్న తీసి, కోళ్లను పెంచి, గుడ్లు అమ్మినది ఆ కమ్మరి భార్యే. పనివాళ్లకు ఇచ్చే జీతంలో తిండి, బస ఒక భాగం. ఆ భాగాన్ని చెల్లించింది ఆమె శ్రమే. ఆమె లేకపోతే కొలిమిలో మూడో మనిషిని పెట్టుకునే స్తోమత ఆ కమ్మరికి ఉండేది కాదు. మాస్టర్, ఇద్దరు పనివాళ్లు, ఒక కుర్రాడు అని అతని పేరు ఎదురుగా గర్వంగా రాసుకున్న ఆ వరుసను చదివేటప్పుడు, కింది వరుసలోని ఖాళీ గడిని కూడా దానితో కలిపి చదవాలి.

పిల్లల సంగతి ఇంకా బాధాకరం. బడికి వెళ్లేవారి పేరు పక్కన ‘స్కాలర్’ అని రాసేవారు. 1872లో వచ్చిన విద్యా చట్టం 5 నుంచి 13 ఏళ్ల పిల్లలకు చదువు తప్పనిసరి చేసింది కనుక 1881 పేజీల్లో ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. స్కాలర్ అన్నంత మాత్రాన ఆ పిల్ల సాయంత్రం రాట్నం ముందు కూర్చోలేదని కాదు. ఇందాక చెప్పిన మార్గరెట్ ఓగిల్వీ ఒక రాతి తాపీమేస్త్రీ కూతురు. ఆమెకు ఎనిమిదేళ్ల వయసులో తల్లి చనిపోతే, అప్పటి నుంచి తండ్రికి, తమ్ముడికి వండిపెట్టి, ఇల్లు నడిపింది ఆ పసిపిల్లే. అది 1841కి ముందు మాట, పేర్లతో రాసిన లెక్కలు అప్పటికి లేవు. ఉన్నా ఆమె పేరు ఎదురుగా ఏ వృత్తీ ఉండేది కాదు. మేస్త్రీ ఇంట్లో సంపాదించేవాడు ఒకడే అని వ్యాసకర్త వాదన ప్రకారం తేల్చేస్తే, ఆ ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తిన బరువును ఏ పద్దులో వేస్తాం?

పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలు ఆ ఇంటి వరుసలోనే దొరకకపోవచ్చు. పల్లెల్లో మే, నవంబర్ నెలల్లో కూలి సంతలు జరిగేవి. అక్కడ రైతులు ఆరు నెలలకో ఏడాదికో జీతగాళ్లను కుదుర్చుకునేవారు. వడ్రంగి రెండో కొడుకు తండ్రి ఉలి పట్టుకోకుండా ఆరు మైళ్ల దూరంలో ఒక రైతు దగ్గర పాలేరుగా, ఆ రైతు ఇంటి పేజీలో ‘సర్వెంట్’ అనే మాటతో కనిపిస్తాడు. కూతురు మరో ఊళ్లో పాలు పితికే పనిపిల్లగా ఉంటుంది. ఇంటి పేజీలో ముగ్గురే పిల్లలు ఉన్నారని చిన్న కుటుంబం అనుకోవడం పొరపాటు.

దీనికి ఎదురుగా, ఉండవలసిన వయసు కాని పిల్లలు కొన్ని ఇళ్లలో కనిపిస్తారు. యాభై ఎనిమిదేళ్ల చెప్పులు కుట్టే ఆయన ఇంట్లో రెండేళ్ల ‘మనవడు’, ఆ పిల్లవాడి తల్లిదండ్రులు మాత్రం ఆ పేజీలో ఉండరు. బాన్ఫ్, అబర్డీన్ వంటి ఈశాన్య కౌంటీల్లో పెళ్లికి ముందు పుట్టిన బిడ్డల సంఖ్య దేశంలోకెల్లా ఎక్కువని రిజిస్ట్రార్ జనరల్ నివేదికలే చెప్పాయి. పాలేరు పనికి వెళ్లిన కూతురు బిడ్డను కని, తల్లిదండ్రుల దగ్గర వదిలి, మళ్లీ పనికి వెళ్లడం అక్కడ మామూలుగా జరిగేది. చర్చి పెద్దలు ఆ పిల్లను పిలిచి మందలించేవారు, తాతయ్య, అమ్మమ్మ మాత్రం ఆ బిడ్డను పెంచేవారు. ఆ ఇంటి పేజీలో నాకు ఎక్కువ ఆదరంగా కనిపించే మాట ఆ ‘మనవడు’ అన్నదే. దాన్ని చూసి ఆ కుటుంబం గురించి చిన్నచూపుగా రాసేవాళ్లు ఉన్నారు. అది తగదు.

లెక్కల పుస్తకం చెప్పనిదాన్ని పూరించే సాధనాలు స్కాట్లండ్‌లో పుష్కలంగా ఉన్నాయి. 1855 జనవరి నుంచి జనన, వివాహ, మరణాల నమోదు తప్పనిసరి అయింది. మరణాల రిజిస్టర్‌లో చనిపోయిన మనిషి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, తండ్రి వృత్తి, మరణ కారణం రాశారు. మొదటి ఏడాది 1855లో అయితే ఇంకెన్నో వివరాలు అడిగారు. పని భారం ఎక్కువై తర్వాతి ఏడాదే వాటిని తగ్గించారు. అందుకే ఆ ఏడాది తమ కుటుంబంలో ఎవరిదైనా నమోదు దొరికితే ఇక్కడివారు దాన్ని అదృష్టంగా భావిస్తారు. అదే 1855 నుంచి ఏటా వాల్యుయేషన్ రోల్స్, అంటే ఇళ్ల, స్థలాల అద్దె విలువల జాబితాలు, తయారయ్యేవి. కొలిమి ఎవరి స్థలంలో ఉంది, కమ్మరి ఏడాదికి ఎంత అద్దె విలువ ఉన్న చోట ఉన్నాడు అన్నది వాటిలో ఉంటుంది. రెండు లెక్కల మధ్య పదేళ్ల చీకటిలో ఒక ఇల్లు ఎప్పుడు చేతులు మారిందో ఈ రోల్స్ చూస్తేనే తెలుస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ అయిన ఆర్డ్నెన్స్ సర్వే పటాల్లో ‘స్మిడీ’ అన్న చిన్న అక్షరాలు ఏ దారి మలుపులో ఉన్నాయో కూడా చూడవచ్చు. వీటన్నిటితో కలిపి చదివినప్పుడే ఆ పేజీ నిజంగా పనికివస్తుంది.

వరుసగా నాలుగైదు లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే వృత్తుల తలరాత కూడా తెలుస్తుంది. ఏంగస్‌లో ఆవిరి మగ్గాలు వచ్చాక చేతిమగ్గం కూలి పడిపోయింది. తండ్రి చేతిమగ్గం నేతగాడైన ఇంట్లో కూతుళ్లు మిల్లు పనివాళ్లుగా నమోదవుతారు. డేవిడ్ బ్యారీ కూడా 1870 ప్రాంతంలో మగ్గం వదిలి ఫోర్ఫర్‌లో ఒక లినెన్ సంస్థలో గుమాస్తాగా చేరాడు. చదువు మీద ఆ ఇంటికి ఉన్న పట్టుదలే వాళ్లను కాపాడింది. కమ్మరి మాత్రం పొలంలో గుర్రం ఉన్నంతకాలం నిలిచాడు. లాడాలు, నాగళ్లు, బండి చక్రాలకు ఇనుప పట్టాలు, ఇవన్నీ అతని దగ్గరికే రావాలి. ఒకే ఊళ్లో ఒక వృత్తి కూలిపోతుంటే పక్కనే మరొకటి ఎందుకు నిలబడిందో అర్థం చేసుకోవాలంటే సగటు లెక్కలు సరిపోవు, ఇంటింటి పేజీలు కావాలి.

ఇక్కడే మన సంగతి ప్రస్తావించక తప్పదు. 1881 ఏప్రిల్‌లో స్కాట్లండ్ పల్లెల్లో ఈ పుస్తకాలు రాయడానికి ఆరు వారాలకు పైగా ముందే, ఫిబ్రవరి 17న, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ నిజాం రాజ్యంలోనూ జనాభా లెక్కలు జరిగాయి. అప్పుడు మన కమ్మరి, మన సాలె, మన వడ్రంగి ఇంటి వివరాలు కూడా ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. మనకు అందినవి జిల్లాల వారీ మొత్తాలు, కులాల పట్టికలే కానీ ఆ ఇళ్ల పేజీలు కావు. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం లెక్కల రికార్డులను చూసే హక్కు ఎవరికీ లేదు. బతికున్నవారి వివరాలు గోప్యంగా ఉండాలన్న ఆ నియమం సరైనదే, దాన్ని సడలించమని నేను అడగడం లేదు. స్కాట్లండ్‌లోనూ నూరేళ్లు నిండేదాకా ఏ పేజీనీ తెరవరు. 1921 లెక్కలను 2022 చివర్లోనే ప్రజలకు చూపించారు. తేడా ఏమిటంటే అక్కడ నూరేళ్ల తర్వాత తలుపు తెరుచుకుంటుంది, మన చట్టంలో తలుపు తెరిచే గడువు లేదు.

ఇప్పుడు 2027 మార్చి 1 తేదీని ప్రమాణంగా తీసుకుని మన దేశంలో కొత్త జనగణన జరగబోతోంది. ఈసారి వివరాలు మొబైల్ యాప్‌లలో నమోదవుతాయి కనుక కాగితాలు దాచడానికి గోదాములు లేవన్న ఇబ్బంది కూడా ఉండదు. నూరేళ్లు నిండాక ఇంటింటి రికార్డులను పరిశోధకులకు, వారసులకు అందుబాటులోకి తేవాలన్న ఒక నిబంధనను చట్టంలో చేర్చమని, అంతవరకు ఆ వివరాలను చెరిపివేయకుండా భద్రపరచమని మీ పత్రిక కేంద్ర ప్రభుత్వాన్ని సంపాదకీయం ద్వారా కోరాలని నా విన్నపం. ఎన్యూమరేటర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు, మగ్గం ఉన్న ఇంట్లో, కొలిమి ఉన్న ఇంట్లో భార్య పేరు ఎదురుగా ‘పని లేదు’ అని నమోదు చేసే ముందు కండెలు చుట్టేదెవరో, కూలివాళ్లకు అన్నం పెట్టేదెవరో ఒక్క ప్రశ్న అదనంగా అడగమని రెండు తెలుగు రాష్ట్రాల అధికారులు చెప్పాలని కూడా కోరుతున్నాను. వ్యాసకర్త తమ రచనను పుస్తకంగా తెచ్చేటప్పుడు 1841 వయసుల గురించిన పేరాను, వృత్తిదారుల భార్యల గురించిన పేరాను సవరిస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
డండీ, స్కాట్లండ్